నవజాత శిశువునకు మందు: తూకమే ప్రమాణము

హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడ పోవు రహదారి చెంత, దిల్‌సుఖ్‌నగరునకును కొత్తపేటకును సమీపమున గడ్డిఅన్నారము కలదు. ఒకప్పుడది గ్రామము. తరువాత పురపాలక సంఘమైనది. 2007 ఏప్రిల్ 16వ తేదీన హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనమైనది. పల్లెటూరి రైతులకు గడ్డిఅన్నారమనగానే జ్ఞప్తికి వచ్చునది అచ్చటి పండ్ల మార్కెట్టు. నల్లగొండ బత్తాయియు, ఊరూరి తోటల మామిడియు లారీలలో వచ్చి అచ్చట తూకమున కెక్కెడివి. ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోయినది. అది యుండిన స్థలమున 1,000 పడకల ప్రభుత్వ ఆసుపత్రి నిర్మించుటకు 2022 ఏప్రిల్ 26వ తేదీన శంకుస్థాపన జరిగినది.

త్రాసులు ఆడిన చోట ఆసుపత్రి వెలయుట తలచినప్పుడు ఒక విషయము మనస్సునకు తట్టును. మామిడిపండ్ల తూకములో పావుకిలో తేడా వచ్చినచో రైతునకు కొలది రూపాయలు నష్టము. కిలోన్నర బరువు గల పసికందు తూకములో పావుకిలో తేడా వచ్చినచో, ఆ బరువును బట్టి ఇచ్చు ప్రతి మందులోను ఆరవ వంతు తప్పును. ఒక్క మందు కాదు. రోజుకు రెండు మూడు పర్యాయములు, వారము పది దినములు ఇచ్చు ప్రతి మందు తప్పును. నవజాత శిశు వైద్యములో త్రాసు కూడ ఒక వైద్య పరికరమే. అందులోను మొదటి పరికరము.

జన్మించిన దినము మొదలు 28 దినముల వరకు బిడ్డను నవజాత శిశువని వైద్యశాస్త్రము వ్యవహరించుచున్నది. ఈ నాలుగు వారములలో ఆసుపత్రులందు మందులు ఏ విధముగా వ్రాయుదురో, ఎందుకంత జాగ్రత్త అవసరమో, ఆసుపత్రి నుండి బిడ్డ ఇల్లు చేరిన పిమ్మట గ్రామము ఏమి చేయదగునో పంచాయతీ సభ్యులకు తెలియజెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మాత్ర యనగా కొలత

మన భాషలో మాత్ర యను పదమునకు గుళిక యనియు, కొలత యనియు రెండర్థములు గలవు. కొలతయే మందు, కొలత తప్పినచో అదే విషము. పెద్దలకు ఒక గుళిక ఉదయము, ఒక గుళిక రాత్రి యని చెప్పినచో సరిపోవును. యాభై కిలోల మనిషికైనను అరువది కిలోల మనిషికైనను పెక్కు మందులలో మోతాదు ఒకటే. నవజాత శిశువు విషయమున ఇది చెల్లదు. ఒక బిడ్డ మూడు కిలోల బరువుతో పుట్టును. వేరొక బిడ్డ నెలలు నిండక ఒక కిలో బరువుతో పుట్టును. ఒకే వార్డులో పక్కపక్కనే పరుండిన ఈ ఇద్దరి నడుమ మూడు రెట్లు భేదము. కావున కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కకట్టి, ఆ బిడ్డ బరువుచే గుణించి, ఒక్కొక్కరికి వేరువేరుగ మందు వ్రాయవలసి యున్నది.

ఒక ఉదాహరణము చూతము. జెంటామైసిన్ అను మందును రక్తములో సూక్ష్మజీవులు ప్రవేశించిన శిశువులకు ఇచ్చుట పరిపాటి. సాధారణముగ అమ్మకములో నుండు పెద్దల సీసాలో రెండు మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాముల మందుండును. రెండు కిలోల బిడ్డకు కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన 10 మిల్లీగ్రాములు కావలెను. అనగా కేవలము పావు మిల్లీలీటరు. చీటీలో 0.25 అని వ్రాయవలసిన చోట చుక్క జరిగి 2.5 అయినచో, సీసాడు మందు కంటె ఎక్కువ ఆ చిన్ని శరీరములో ప్రవేశించును. పెద్దలకు ఇట్టి తప్పు జరిగినచో పది సీసాలు పగులగొట్టవలసి వచ్చును. నర్సు చేయి అచ్చటనే ఆగును. శిశువు విషయమున ఒక సీసాతోనే తప్పు దాదాపు పూర్తియగును గనుక హెచ్చరించు వారుండరు. జెంటామైసిన్ మితిమీరినచో మూత్రపిండములకు హాని కలుగును. వినికిడి శక్తి నశింపవచ్చును.

పుట్టిన వెంటనే ఇచ్చు కె విటమిను సంగతియు అట్టిదే. నవజాత శిశువుల శరీరములో ఈ విటమిను తక్కువగా నుండును. అందుచేత కొందరిలో రక్తము గడ్డకట్టక మెదడులోనో ప్రేగులలోనో స్రవించి ప్రాణము మీదికి వచ్చును. దీనిని నివారించుటకు కిలో గాని అంతకు మించి గాని బరువు గల బిడ్డకు 1 మిల్లీగ్రాము, కిలోకు లోపు బరువు గల బిడ్డకు అర మిల్లీగ్రాము తొడ కండరమునకు సూదిమందుగా ఇత్తురు. ఇదే మందు పెద్దల కొరకు 10 మిల్లీగ్రాముల గొట్టములలో కూడ దొరకును. అందుచేత ప్రసూతి గదిలో శిశువుల గొట్టములను వేరుగ నుంచుట మంచి పద్ధతి.

పెద్దల మందును పంచి ఇచ్చిన చాలదా?

పెద్దలకిచ్చు మందులో ఇరువదవ వంతు తీసి బిడ్డకిచ్చిన చాలదా యని కొందరు అడుగుదురు. చాలదు. శిశువు శరీరము చిన్నది మాత్రమే కాదు, దాని పని తీరే వేరు.

నెలలు నిండి పుట్టిన శిశువు బరువులో నాలుగింట మూడు వంతులు నీరే. నీటిలో కరగు మందు ఆ నీటిలో పలుచనగును. అందుచేత కొన్ని మందులు కిలో లెక్కన పెద్దలకన్న ఎక్కువయే కావలసి వచ్చును. కాని ఆ మందును విరిచి వెలికి పంపు కాలేయము ఇంకను పక్వము కాలేదు. వడగట్టు మూత్రపిండములు కూడ పూర్తి శక్తితో పనిచేయవు. మొదటి రెండు వారములలో వాని శక్తి త్వరగా పెరుగును. పెద్దల స్థాయికి చేరుటకు ఇంచుమించు ఏడాది పట్టును. అందుచేత మందు లోపలికి పోవుట సులభము, బయటికి వచ్చుట కష్టము.

కాఫీలోని కెఫీనును నెలలు నిండక పుట్టిన శిశువులకు మందుగా వాడుదురు. అట్టి శిశువులు నిద్రలో ఊపిరి తీయుట మరచిపోవుచుందురు; కెఫీను వారి ఊపిరిని మేల్కొలుపును. పెద్దల శరీరము నుండి కెఫీను సగము తొలగుటకు సుమారు 5 గంటలు పట్టును. నెలలు నిండని శిశువు శరీరము నుండి సగము తొలగుటకు మూడు నాలుగు దినములు పట్టును. పెద్దలకు ఇచ్చినట్లు పూటపూటకు ఇచ్చినచో మందుపై మందు పేరుకొనును. కావున డాక్టరు ఎంత మందు ఇయ్యవలెనను దానితో పాటు ఎంతసేపటికి ఒకసారి ఇయ్యవలెననునది కూడ లెక్కింపవలెను. దీనికి బిడ్డ బరువుతో పాటు, ఎన్ని వారముల గర్భమున పుట్టినది, పుట్టి ఎన్ని దినములైనది తెలియవలెను. ఈ మూడు అంకెలు లేని మందుచీటీ అసంపూర్ణము.

మూడు కిలోల శిశువు శరీరములో మొత్తము రక్తము సుమారు 240 మిల్లీలీటర్లు, అనగా ఒక పెద్ద గ్లాసెడు. మన వ్యవహారమంతయు ఆ గ్లాసెడు రక్తముతోనే యని గుర్తుంచుకొనిన చాలును.

అనుభవము నేర్పిన పాఠములు

ఈ జ్ఞానము ఊరక వచ్చినది కాదు. 1950 ప్రాంతమున అమెరికాలో నెలలు నిండని శిశువులకు సూక్ష్మజీవుల వ్యాధి రాకుండ ముందు జాగ్రత్తగా పెన్సిలినుతో పాటు ఒక సల్ఫా మందును ఇచ్చుచుండిరి. డాక్టరు సిల్వర్‌మన్ మరియు ఆయన సహచరులు 1956లో ప్రకటించిన పరిశీలనలో, ఆ మందు తీసికొనిన శిశువులలోనే మరణములు ఎక్కువగా నున్నట్లు తేలినది. పసిరికలు కలిగించు పచ్చని పదార్థము రక్తములోని మాంసకృత్తులను అంటిపెట్టుకొని యుండును. సల్ఫా మందు దానిని త్రోసివేసి ఆ చోటు తానాక్రమించినది. విడుదలయైన పచ్చని పదార్థము మెదడునకు చేరి దానిని చెడగొట్టినది.

1959లో క్లోరాంఫెనికాల్ వంతు వచ్చినది. పెద్దల టైఫాయిడు జ్వరమునకు సంజీవని వంటిదిగా పేరు పొందిన ఈ మందును నవజాత శిశువులకు పెద్ద మోతాదులలో ఇచ్చినప్పుడు పొట్ట ఉబ్బి, శరీరము బూడిదవర్ణమునకు తిరిగి, రక్తప్రసరణము కుంటుపడి మరణించిరి. శిశువు కాలేయము ఆ మందును మార్చి పంపజాలకపోవుటయే కారణము.

భీమవరమున 1895లో జన్మించిన మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన పరిశోధనశాల నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇది మొదటిది. లోకమునకు ఎంతో మేలు చేసినది. అట్టి మేలైన మందు కూడ ఎదుగుచున్న పిల్లల ఎముకలలోను పండ్లలోను చేరి, పండ్లను శాశ్వతముగ పసుపు వన్నెకు తిప్పునని పిమ్మట తెలిసినది. అందుచే నేడు చిన్న పిల్లలకు ఆ జాతి మందులను సాధారణముగ ఇయ్యరు. ఎవరో చెడ్డ మందు చేసిరని కాదు. పెద్దలపై పరీక్షించిన మందు పసివారికి సరిపడునని తలచుటలోనే తప్పున్నది. నేటికిని నవజాత శిశువులకు వాడు మందులలో పెక్కు వారి వయస్సున ప్రత్యేకముగ పరీక్షింపబడినవి కావు. అనుభవజ్ఞులైన డాక్టర్లు మాత్రమే, తప్పనిసరియైనప్పుడు మాత్రమే వానిని వాడవలెను.

ప్రాణవాయువు కూడ మందే

ఆక్సిజనును మనము గాలియని తలతుము గాని మందని తలపము. ఆసుపత్రిలో గొట్టము ద్వారా ఇచ్చు ఆక్సిజను మందే. దానికిని మోతాదు కలదు. 1940 తరువాతి దశాబ్దమున పాశ్చాత్య దేశములలో నెలలు నిండని శిశువులకు ఆక్సిజనును ధారాళముగ ఇచ్చిరి. ప్రాణములు దక్కినవి గాని కన్నులు పోయినవి. సుమారు పదివేలమంది శిశువులు అంధులైరని అంచనా. ఆక్సిజను మితిమీరినప్పుడు కంటి వెనుక తెరలోని లేత రక్తనాళముల ఎదుగుదల మొదట ఆగును. పిమ్మట అవి అడ్డదిడ్డముగ పెరిగి ఆ తెరను ఊడదీయును.

కావుననే నేడు మంచి శిశు విభాగములలో బిడ్డ పాదమునకు చిన్న పరికరము కట్టి రక్తములోని ఆక్సిజను శాతమును చూచుచుందురు. ఆక్సిజను పొందుచున్న నెలలు నిండని బిడ్డలలో ఆ శాతము 90కిని 95కును నడుమ నుండునట్లు కనిపెట్టుదురు. అంతకు తగ్గినను ముప్పే, మించినను ముప్పే.

హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు జంటనగరముల శిశు విభాగములకు తామే పోయి ఇట్టి బిడ్డల కన్నులు పరీక్షించు పద్ధతిని నెలకొల్పిరి. నియమము సులభము. 34 వారములకు ముందుగా పుట్టిన బిడ్డకు గాని, పుట్టినప్పుడు 2 కిలోలకు తక్కువ బరువు గల బిడ్డకు గాని, ముప్పది దినములు నిండకమునుపే కంటి పరీక్ష జరుగవలెను. మరీ తక్కువ బరువు గల బిడ్డలకు ఇంకను ముందే, ఇరువది దినములు దాటిన వెంటనే జరుగవలెను. సకాలమున కనుగొనినచో లేజరు చికిత్సతో చూపు నిలుపవచ్చును. గడువు దాటినచో ఏ వైద్యుడును చూపు మరల తేజాలడు. బిడ్డ అప్పటికే ఇల్లు చేరి, బాగుగ పాలు త్రాగుచు, చూచుటకు ఆరోగ్యముగా నుండును గనుక తల్లిదండ్రులు ఈ పరీక్షను మరచుట సహజము. గ్రామములో ఎవరో ఒకరు గుర్తుచేయవలెను.

ఆసుపత్రిలో మందు వ్రాయు పద్ధతి

హైదరాబాదులోని నిలోఫర్ ఆసుపత్రి 1953లో స్థాపితమైనది. ఆఖరి నిజాము రెండవ కోడలు నిలోఫర్ రాకుమారి, తన పరిచారిక ప్రసవ సమయమున మరణించుటకు చలించి దీనికి పూనుకొనెను. నాటి నుండి తెలంగాణ జిల్లాల పసిబిడ్డలకు అది పెద్ద దిక్కు. నేడు ప్రభుత్వము పెద్ద ఆసుపత్రులలో ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ విభాగములను నెలకొల్పినది. ఇట్టి విభాగములలో మందు వ్రాయుటకు కొన్ని నియమములు గలవు.

మొదటిది, బిడ్డను ప్రతిదినము తూచుట. పుట్టిన తొలి దినములలో బిడ్డ బరువు కొంత తగ్గి, రెండు వారముల లోపున మరల పుట్టిన బరువునకు వచ్చును. అంతవరకు పుట్టిన బరువునే ఆధారముగ గైకొనుట వాడుక. అటుపిమ్మట పెరిగిన బరువును బట్టి మోతాదు మార్చుదురు.

రెండవది, చీటీ స్పష్టముగ వ్రాయుట. మందు పేరు, కిలోకు ఎంత, ఈ బిడ్డకు మొత్తమెంత, ఎన్ని గంటలకొకసారి, నోటి ద్వారానా నరము ద్వారానా, ఎన్ని దినములు అనునవి యన్నియు నుండవలెను. దశాంశపు చుక్కకు ముందు సున్న తప్పక వ్రాయవలెను. పూర్ణ సంఖ్య పిమ్మట చుక్కయు సున్నయు వ్రాయరాదు. 5.0 అని వ్రాసిన 50 యని చదువుదురు. గొలుసుకట్టు వ్రాత వలన కలుగు ప్రమాదమును గూర్చి నల్లగొండ ప్రాంతపు ఫార్మసిస్టు ఒకరు న్యాయస్థానము వరకు పోయి పోరాడిరి. 2016లో భారత వైద్య మండలి తన నిబంధనను సవరించి, మందుల అసలు పేర్లను స్పష్టముగ, సాధ్యమైనంతవరకు పెద్ద అక్షరములలో వ్రాయవలెనని ఆదేశించినది.

మూడవది, ఇద్దరు చూచుట. ఒక నర్సు మందు తీసినప్పుడు మరియొకరు చీటీని, సీసాను, సూదిలోని కొలతను సరిచూతురు. ఒక మిల్లీలీటరును నూరు భాగములుగ చూపు చిన్న సిరంజినే వాడుదురు.

నాలుగవది, ప్రతిదినము ప్రశ్నించుట: ఈ మందు ఇంకను అవసరమా? సూక్ష్మజీవుల వ్యాధి యుండునేమో యని అనుమానించి ఆంటీబయోటిక్ మందు మొదలుపెట్టుట తప్పు కాదు. ఆలస్యము చేసిన బిడ్డ దక్కదు. కాని రక్తపరీక్షలో రెండు దినములకు సూక్ష్మజీవులేవియు కనబడక, బిడ్డయు బాగుగానున్నచో ఆ మందును మాన్పవలెను. ఊరక పొడిగించినచో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగును. ఢిల్లీలోని మూడు ఆసుపత్రులలో జరిగి, 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన, నవజాత శిశువులకు సోకుచున్న సూక్ష్మజీవులలో పెక్కు ఒకటి కంటె ఎక్కువ మందులకు లొంగుట లేదని చూపినది. నేడు అనవసరముగ వాడిన మందు రేపు అవసరమైన బిడ్డకు పనిచేయదు.

ఈ నియమములలో ఒక్కటి సడలినను ఏమగునో మనకు తెలియనిది కాదు. 2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలోని పట్టణ ఆరోగ్య కేంద్రమున టీకాలు వేయించుకొనిన పసిబిడ్డలకు, జ్వరము రాకుండ ఇయ్యవలసిన పారాసిటమాలునకు బదులు ట్రమడాల్ అను బలమైన నొప్పి మందు బిళ్ళలు ఇయ్యబడినవి. అనేకులు నిలోఫర్ ఆసుపత్రిలో చేర్పబడిరి; ప్రాణనష్టము కూడ సంభవించినది. వారు నవజాత శిశువులు కారు, కొలది నెలల వయస్సు వారు. అయినను పాఠమొక్కటియే. పట్టీపై పేరు చదువక ఇచ్చిన మందు, మందు కాదు.

బిడ్డ ఇల్లు చేరిన పిమ్మట

ఆసుపత్రిలో ఇద్దరు సరిచూచి ఇచ్చిన మందును ఇంటియందు ఒక అలసిన తల్లియో, కనుచూపు తగ్గిన అమ్మమ్మయో, చెంచాతో కొలిచి పోయుదురు. ప్రమాదము ఇచ్చటనే ఎక్కువ.

పారాసిటమాలు చుక్కల మందు ఒక మిల్లీలీటరులో సాధారణముగ 100 మిల్లీగ్రాములుండును. అదే పేరు గల తియ్యని సిరపులో ఒక మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాములే. సిరపునకు చెప్పిన కొలతలో చుక్కల మందు పోసినచో నాలుగు రెట్లగును. డి విటమిను చుక్కలు ఒక సీసాలో మిల్లీలీటరునకు 400 యూనిట్లు, వేరొక సీసాలో 800 యూనిట్లు ఉండవచ్చును. కావున పాత సీసా అయిపోయి క్రొత్తది కొనినప్పుడు, అదే మందుగదా యనక, కొలతను డాక్టరుకో నర్సుకో చూపవలెను. మందును సీసాతో వచ్చిన గొట్టముతోనే కొలువవలెను. ఇంటిలోని చెంచాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కొలత.

మన ఇండ్లలో ఉగ్గుగిన్నె తరతరముల వస్తువు. తల్లి రొమ్ము పట్టలేని చిన్న బిడ్డకు, పిండిన తల్లిపాలు పోయుటకు శుభ్రముగ కడిగి మరిగించిన ఉగ్గుగిన్నె నేటికిని మేలైన సాధనమే. పాలసీసా కంటె మంచిది. కాని అదే గిన్నెలో ఆముదము, అరగదీసిన వస, గ్రైపు వాటరు పోయుట మాత్రము మానవలెను. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప వేరొకటి బిడ్డకు అక్కరలేదు. డాక్టరు వ్రాసిన మందు ఒక్కటే మినహాయింపు. ముక్కులో చెవిలో నూనె చుక్కలు వేయరాదు. ముక్కులోని నూనె ఊపిరితిత్తులకు జారును. బిడ్డ బట్టలను కలరా ఉండలు వేసిన పెట్టె నుండి తీసి తొడుగరాదు. పుట్టుకతో ఒక ఎంజైము లోపించిన బిడ్డలలో ఆ ఉండల వాసనకే ఎర్రకణములు పగిలి పసిరికలు ముదురును.

దగ్గు మందుల విషయమున మరింత మెలకువ అవసరము. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతమున విషపదార్థము కలిసిన దగ్గు సిరపు త్రాగి పిల్లలు మరణించిరి. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వ్రాయరాదని కేంద్ర ఆరోగ్య సేవల శాఖ అప్పుడు రాష్ట్రములకు తెలియజేసినది. నెల నిండని బిడ్డకు దగ్గు వచ్చినచో దుకాణమునకు కాదు, ఆసుపత్రికి పోవలెను.

గ్రామము చేయగలిగినది

నవజాత శిశు వైద్యము నగరపు డాక్టర్ల పని, పంచాయతీకి అందులో పాలేమి యని సందేహింపవలదు. తెలంగాణకు పొరుగున నున్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకు శిక్షణ నిచ్చి ఇంటింటికి పంపిరి. వారు బిడ్డను తూచిరి, ఊపిరి లెక్కించిరి, వ్యాధి చిహ్నములు గుర్తించి నియమిత కొలతలో జెంటామైసిన్ ఇచ్చిరి. మూడవ సంవత్సరమునకు ఆ గ్రామములలో నవజాత శిశు మరణములు 62 శాతము తగ్గినట్లు 1999లో ప్రకటింపబడినది. నేడు మన ఆశా కార్యకర్తలు చేయుచున్న గృహసందర్శనములకు అదియే మూలము. 2014లో భారత ప్రభుత్వము, వ్యాధిగ్రస్తమైన పసిబిడ్డను ఆసుపత్రికి చేర్చుట సాధ్యము కాని ప్రత్యేక పరిస్థితులలో ఏ.ఎన్.ఎం. నియమిత మోతాదులో జెంటామైసిన్ ఇచ్చుటకు అనుమతించినది. ఆ మోతాదు కూడ బరువును బట్టియే. త్రాసు చెడినచో ఆ అనుమతి కాగితమునకే పరిమితము.

కావున సభ్యులు ఈ క్రింది పనులు చేపట్టవలెనని మనవి.

ఒకటి: ఉపకేంద్రములోను, అంగన్‌వాడీలోను, ఆశా కార్యకర్త చేతిలోను ఉన్న శిశువుల త్రాసులు సరిగా పనిచేయుచున్నవో లేవో మూడు నెలల కొకసారి సరిచూడవలెను. ఒక కిలో రాయి పెట్టి చూచిన చాలును.

రెండు: ఆసుపత్రి నుండి వచ్చిన ప్రతి బిడ్డ విడుదల పత్రమును తల్లి, శిశు సంరక్షణ కార్డుతో పాటు భద్రపరచునట్లు చూడవలెను. అందు పుట్టిన బరువు, ఎన్నవ వారమున పుట్టినది, ఇచ్చిన మందులు, ఇంటియందు ఇయ్యవలసిన మందులు, మరల రావలసిన తేదీ ఉన్నవో లేవో చదివి, లేనిచో ఆసుపత్రిని అడుగవలెను. అడుగుట తల్లిదండ్రుల హక్కు. ఆ పత్రము లేక మరియొక ఆసుపత్రికి పోయిన బిడ్డకు డాక్టరు మొదటి నుండి ఊహింపవలసి వచ్చును; ఇచ్చిన మందే మరల ఇచ్చు ప్రమాదము కలదు.

మూడు: ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 దినములలో చూడవలెను. ఆ తేదీలు గడచుచున్నవో లేవో గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు సమావేశమున విచారింపవలెను. రెండు కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన ప్రతి బిడ్డ పేరెదుట కంటి పరీక్ష తేదీ వ్రాయింపవలెను.

నాలుగు: పాలు త్రాగకుండుట, మూర్ఛ, నిమిషమునకు 60 గాని అంతకు మించి గాని ఊపిరులు, డొక్కలు ఎగురుట, జ్వరము, ఒడలు చల్లబడుట, కదలిక తగ్గుట, అరచేతులు అరికాళ్ళు పచ్చబడుట, వీనిలో ఏ ఒక్కటి కనబడినను 108 వాహనమును పిలువవలెను. ఊరి వైద్యునిచే సూదిమందు వేయించి తెల్లవారువరకు చూతమనుట ప్రాణాంతకము. బిడ్డను తల్లి రొమ్మునకు హత్తి, వెచ్చగా కప్పి తీసికొనిపోవలెను.

ఐదు: 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద వ్యాధిగ్రస్తమైన శిశువునకు ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, రక్తము, రాకపోకల వాహనము ఉచితము. ఖర్చునకు వెరచి ఎవరును బిడ్డను ఇంటిలో నుంచుకొనకుండ ఈ సంగతిని గ్రామసభలో చాటవలెను.

ఆరు: మందుచీటీ లేనిదే పసిబిడ్డలకు ఆంటీబయోటిక్ మందులు, దగ్గు మందులు అమ్మవలదని గ్రామములోని దుకాణదారులకు చెప్పవలెను.

గడ్డిఅన్నారము మార్కెట్టులో తూకము తప్పినచో రైతు నోరు తెరచి అడిగెడివాడు. ముల్లు తిన్నగా నిలుచువరకు బుట్ట దింపనిచ్చెడివాడు కాడు. పసిబిడ్డకు అడుగుటకు నోరు లేదు. ఆ బిడ్డ పక్షమున, బరువెంత, మందెంత, ఎన్ని దినములు అను మూడు ప్రశ్నలను తల్లిదండ్రులడుగవలెను. వారికి తోచనప్పుడు పంచాయతీ సభ్యులడుగవలెను. మీ గ్రామమునకు వచ్చు తదుపరి విడుదల పత్రమును తెరచి ఈ మూడు అంకెలను వెదకుటతో ఈ పని నేడే ఆరంభింపవచ్చును.